పదిహేను గీతల పది రూపాయల బిళ్ల దొంగదా?

విశాఖ పూర్ణా మార్కెట్‌లో పదిహేను గీతలున్న మీ పది రూపాయల బిళ్ల తీసుకోలేదని, అది దొంగదా అని అడిగారు కదా. తీసుకోకపోవడానికి కారణం అది దొంగది కావడం కాదు, పాత డిజైన్ కావడం. బిళ్ల మీద పది గీతలుంటేనే అసలుదని ఎవరో వాట్సాప్‌లో పెట్టారు, అక్కడి నుంచి మొదలైంది ఈ గోల.

1. గీతలు లెక్కపెట్టడం ఆపి, ముందు బిళ్ల మీద సంవత్సరం చూడండి. అందరూ వదిలేసేది ఇదే. రూపాయి గుర్తును ప్రభుత్వం ఎంచుకున్నది 2010 జూలైలో, నాణేల మీదకు వచ్చింది 2011లో, అలాంటప్పుడు 2009 బిళ్ల మీద ఆ గుర్తు ఎలా ఉంటుంది చెప్పండి! గుర్తు లేని పాతవాటికి పదిహేను గీతలు, గుర్తుతో వచ్చినవాటికి పది.

2. సంవత్సరం దగ్గర చిన్న నక్షత్రం ఉంటే హైదరాబాద్‌లో ముద్రించింది, చుక్క ఉంటే నోయిడా, డైమండ్ అయితే ముంబై, ఏమీ లేకపోతే కోల్‌కతా. అంటే ఈ ముద్రణ గుర్తు ఏదీ లేకపోయినా టెన్షన్ అక్కర్లేదు.

3. కొట్టు ఆయన ఇంకా వినకపోతే ఆయన ముందే రిజర్వు బ్యాంకు నంబరు 14440కి ఫోన్ చేయండి. కాల్ కట్ అయిపోతుంది, కంగారు పడొద్దు, వాళ్లే తిరిగి చేస్తారు, స్పీకర్‌లో పెట్టి వినిపించండి. పది రూపాయల బిళ్లల్లో అప్పటిదాకా వచ్చిన పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది.