రికార్డు అంతా రాసినా పదికి ఆరేనా? ఏడో తరగతి సైన్సు మార్కులు పంచే పద్ధతి

అనంతపురం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో కొత్తగా చేరిన సైన్సు మేడమ్ అడిగిన ప్రశ్న ఇది: "ఏడో తరగతి రికార్డులు దిద్ది ఇస్తే, 'మా పాప అంతా రాసింది కదా మేడమ్, పదికి ఆరే వేసినారేమి?' అని తల్లిదండ్రులు వస్తున్నారు. ఏం చెప్పాలి? అసలు మార్కులు ఎలా పంచాలి?"

మేడమ్, తల్లిదండ్రులకు చెప్పాల్సిన మాట తర్వాత. ముందు పిల్లలకు తెలియాలి, అదీ ప్రయోగం మొదలుకాక ముందే. పదిలో ఏ మార్కు దేనికో చెప్పకపోతే వాళ్లు చేసేది ఒక్కటే: గైడులో ఉన్నది ముత్యాల్లాంటి అక్షరాలతో దించడం. దించిన దానికి తొమ్మిది వేస్తే ఆ ఏడాదంతా తరగతి మొత్తం దించుతూనే ఉంటుంది.

సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) పాత లెక్కలో ఎఫ్ఏ, అంటే మధ్యమధ్యలో వేసే నిర్మాణాత్మక మూల్యాంకనం, 50 మార్కులకు ఉండేది. అందులో స్లిప్ టెస్టు అనే చిన్న రాత పరీక్షకు 20, మిగిలిన ముప్పై పిల్లలు చేసే పనులకు పదేసి చొప్పున. మీ బడిలో ఈ ఏడు ఫార్మాట్ కాస్త వేరైనా, ఆ పదిని లోపల ఎలా పంచాలన్నది మీ చేతిలోనే ఉంటుంది. ప్రయోగం రికార్డుకు నేను వాడే పంపకం ఇది: ఉద్దేశం, సామగ్రి కలిపి 1, చేసిన విధానం సొంత మాటల్లో 2, పరిశీలన పట్టిక 3, కారణంతో ముగింపు 2, పేర్లు గుర్తించిన బొమ్మ 1, ప్రయోగం చేస్తుంటే తోచిన ఒక ప్రశ్న 1. దీన్ని బోర్డు మూలన రాసి ఎఫ్ఏ అయ్యేదాకా చెరపకండి. చేతిరాతకు, రంగు స్కెచ్ పెన్నులకు, అట్టకు మార్కుల్లేవని కూడా అప్పుడే చెప్పేయండి.

ఈ పంపకం ఎందుకు పనికొస్తుందో, ద్రవం క్షారమా కాదా చూసే పసుపు కాగితం ప్రయోగంలో బాగా కనిపిస్తుంది. ఒక టీస్పూను పసుపును రెండు మూడు స్పూన్ల నీళ్లతో ముద్ద చేసి, ఫిల్టర్ పేపరు మీదో తెల్ల డ్రాయింగ్ షీటు మీదో పూసి, నీడన ఆరబెట్టి, సెంటీమీటరు వెడల్పు ముక్కలు కత్తిరించాలి. నిమ్మరసం, ఉప్పునీళ్లు, వంటసోడా నీళ్లు, సబ్బు నీళ్లు, సున్నపు తేట ఒక్కో చుక్క వేయాలి. సున్నపు తేట మాత్రం మీరే వేయండి, కంట్లో పడితే ప్రమాదం.

సున్నపు తేటకు ముదురు ఎరుపు వస్తుంది. వంటసోడాకు అంత రాదు, లేత నారింజ దగ్గరే ఆగుతుంది. కారణం: పసుపు రంగు మారేది సుమారు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చూపే కొలత) 7.4 నుంచి 8.6 మధ్య, సోడా నీళ్లది 8.3 దగ్గర. గైడులో మాత్రం సోడా పక్కన కూడా "ఎరుపు" అనే ఉంటుంది. "లేత నారింజ" అని రాసిన పిల్లకు పరిశీలనలో మూడుకు మూడు వేయండి. "ఎరుపు" అని రాసిన పిల్లను తన కాగితం ముక్క రికార్డులో అంటించమనండి, రంగు అక్కడే కనిపిస్తుంది. ముక్క అంటించడం తప్పనిసరి చేస్తే దించడం చాలావరకు ఆగిపోతుంది.

నిమ్మరసం దగ్గర ఇంకో చిక్కు. కాగితం పసుపుగానే ఉంటుంది, పిల్లలు "మార్పు లేదు, కాబట్టి తటస్థం" అని రాస్తారు. చూసింది నిజమే, తేల్చింది తప్పు. ఆమ్లాన్నీ తటస్థ ద్రవాన్నీ పసుపు వేరు చేయలేదు, ఆ పనికి మందార పూల రసం కావాలి. ఇక్కడ పరిశీలనకు మూడూ ఇచ్చి, ముగింపు రెండూ కోయండి. మార్జిన్‌లో "మందారతో చూడు" అని రాయండి చాలు. అయితే మన బోరు నీళ్లలో ఆ రసం తీయొద్దు. క్షారత ఎక్కువ కాబట్టి రంగు ముందే మారిపోయి ఉంటుంది, పిల్లలు తికమక పడతారు. క్యాను నీళ్లు వాడండి.

గుంపు పనికి నలుగురిని మించనివ్వొద్దు. పదిలో ఆరు గుంపుకు, నాలుగు ఒక్కొక్కరిని విడిగా అడిగే రెండు ప్రశ్నలకు. అందరికీ ఒకే మార్కు వేస్తే ఒకరు చేస్తారు, ముగ్గురు చూస్తారు. పాల్గొనడానికి మార్కులు వేయాలంటే రోజుకు ఎనిమిది మందినే గమనించి చిన్న పుస్తకంలో అప్పటికప్పుడు రాసుకోండి. నలభై మంది తరగతి ఐదు రోజుల్లో అయిపోతుంది. నెలాఖరున గుర్తు తెచ్చుకుని వేస్తే గట్టిగా మాట్లాడే పిల్లలకే మార్కులు పోతాయి, వెనక బెంచీలో మౌనంగా పని చేసే పిల్లకు అన్యాయం జరుగుతుంది.

ప్రాజెక్టుకు దుకాణంలో కొన్న థర్మాకోల్ మోడల్ వద్దని ముందే చెప్పండి. ఇల్లు గడవడమే కష్టమైన వాళ్లకు ఆ ఖర్చు నిజంగా భారం.

గైర్హాజరు సంగతి మన దగ్గర చాలా ముఖ్యం. వేరుశనగ పీకే రోజుల్లో పిల్లలు పొలంలో ఉంటారు. కర్నూలు పడమటి మండలాల్లో అయితే ఇంటిల్లిపాదీ సుగ్గికి, అంటే వలస కూలి పనులకు, గుంటూరు వైపు వెళ్లిపోతారు. అలాంటి పిల్లకు సున్నా వేయకండి, అది సైన్సు రాదని చెప్పే మార్కు కాదు. గడి ఖాళీగా ఉంచి, తిరిగొచ్చిన రెండు వారాల్లో అదే ప్రయోగం కాకపోయినా అదే నైపుణ్యం చూసే ఇంకో పని ఇచ్చి దిద్దండి. సామగ్రి ఒక డబ్బాలో దాచి పెట్టుకుంటే మధ్యాహ్నం బడి భోజనం తర్వాత అరగంటలో అయిపోతుంది.

ఇక తల్లిదండ్రులు వచ్చినప్పుడు రికార్డు తెరిచి, ప్రతి భాగం పక్కన వేసిన మార్కు చూపించండి. మొత్తం "6" ఒక్కటే రాసి ఉంటే ఎవరికైనా కోపమొస్తుంది. చదువు రాని అమ్మయినా సరే, అంటించిన ముక్క చూపించి "పాప ఎరుపు అని రాసింది, ఇది ఎరుపేనా అమ్మా?" అని అడగండి. వారం లోపు ఆ భాగం ఒక్కటే మళ్లీ చేసి తెస్తే మార్కు మారుస్తానని పాప ఎదుటే చెప్పండి, తెచ్చినప్పుడు మార్చండి.