రాత్రంతా రౌటర్లతో కుస్తీ... వీడికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ చదివి, ఏడాదిగా హైదరాబాద్‌లో ఒక ఇంటర్నెట్ కంపెనీలో నైట్ షిఫ్టులు చేస్తున్నాడు. ఇంటికొచ్చినా ‘ఎల్‌డీపీ సింక్ అవ్వట్లేదు’ అంటూ ల్యాప్‌టాప్ ముందే. మా బావమరిది కొడుకు ఏఐ కోర్సులో చేరాడు. వీణ్ణీ మాన్పించి అందులో చేర్చమంటారా? రెండూ పోల్చి చెప్పండి.
– ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు మీవాడి గొడవేంటో వినండి. తెగిన లింకు తిరిగి రాగానే, రౌటర్లకు దారులు చెప్పే ఓఎస్‌పీఎఫ్ అనే ప్రోటోకాల్ లేచి ‘ఇటు దారి ఉంది’ అని చాటేస్తుంది. ప్యాకెట్ ఎటు వెళ్లాలో చెప్పే గుర్తులను, అంటే లేబుళ్లను, రౌటర్లకు పంచే ఎల్‌డీపీ ఇంకా లేవదు. ఈలోగా అటు మళ్లిన కస్టమర్ల వీపీఎన్ ట్రాఫిక్ లేబుల్ లేక మధ్య రౌటర్‌లో గల్లంతవుతుంది. దారి ఉందో లేదో చూసే మామూలు పింగ్‌కు లేబుల్ అక్కర్లేదు, అది మాత్రం చక్కగా వెళ్తుంది. అది చూసి కొత్తవాళ్లు ఫిర్యాదు టికెట్ మూసేస్తారు.

అందుకే ఈ రెండింటికీ పొత్తు కుదిర్చే సింక్ పెడతారు. లేబుళ్లు అందేదాకా ఓఎస్‌పీఎఫ్ ఆ లింకు కాస్ట్‌ను (దారి ఎంత భారమో చెప్పే అంకెను) అన్నిటికంటే ఎక్కువైన 65535గా చూపిస్తుంది, వేరే దారి ఉంటే ట్రాఫిక్ అటే పోతుంది. గంటలు గడిచినా ఆ 65535 అంకె దిగకపోతే? యూడీపీ 646 పోర్టులో ఎల్‌డీపీ పలకరింపులు (హలోలు) వస్తున్నాయా, అవతలి రౌటర్ లూప్‌బ్యాక్ అడ్రస్‌కి దారి ఉందా, టీసీపీ 646 పోర్టును ఏ యాక్సెస్ లిస్ట్ (ట్రాఫిక్‌ను వడగట్టే నియమాల జాబితా) అయినా ఆపుతోందా, పాస్‌వర్డ్ రెండువైపులా ఒకటేనా అని వరసగా చూడాలి. ఇంత ఓపికగా కారణం తవ్వే కుర్రాడికి పని దొరకదన్న భయం అక్కర్లేదు.

ఇక ఏఐ. అది మంచి రంగమే, కానీ మూణ్నెల్ల కోర్సుల మీద నాకు నమ్మకం లేదు. లెక్కలు, స్టాటిస్టిక్స్ పక్కనపెట్టి, బ్యాచ్ మొత్తానికి ఒకే ప్రాజెక్టు చేయించి సర్టిఫికెట్ చేతిలో పెట్టేవే ఎక్కువ. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే పిల్లలు తేలిపోతారు. మీవాడికి లెక్కల మీద ఇష్టముంటే అది వేరే మాట. అడిగారా? ఉత్తరంలో బావమరిది కొడుకు ఇష్టం తెలిసింది గానీ మీవాడిది తెలియలేదు. ఏమనుకోకండి, మీ బెంగ ఏఐ గురించి కాదు. రాత్రి ఉద్యోగం, సంబంధాలవాళ్లకు ఏం చెప్పాలన్న టెన్షన్.

నైట్ షిఫ్టులు ఎల్లకాలం ఉండవు. పై లెవెల్‌కి, డిజైన్ పనికి మారేకొద్దీ తగ్గుతాయి. ఒక్క జాగ్రత్త: సెగ్మెంట్ రౌటింగ్ అనే పద్ధతిలో లేబుళ్ల సమాచారాన్ని ఓఎస్‌పీఎఫ్, దానిలాంటిదే అయిన ఐఎస్-ఐఎస్‌లే మోస్తాయి, అక్కడ ఈ సింక్ గొడవే ఉండదు. కాబట్టి ఎల్‌డీపీ దగ్గరే ఆగిపోకుండా అదీ, కాస్త పైథాన్ కూడా నేర్చుకోమనండి. కోర్సు ఫీజుకని దాచిన డబ్బుంటే ఇంట్లోనే ప్రాక్టీసు ల్యాబ్ నడపడానికి మంచి ర్యామ్ ఉన్న కంప్యూటర్ కొనివ్వండి. పొద్దున షిఫ్టు నుంచి వచ్చాక మాత్రం లేపకండి.