విదేశాల్లో ఎల్ఎల్ఎం: సీలు వేసిన కవరుతోనే మొదలు

ప్రశ్న: కాకతీయ యూనివర్సిటీలో మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేసి, నాలుగేళ్లుగా హన్మకొండ కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. అమెరికాలో ఎల్ఎల్ఎం చేయాలని ఉంది. ఎల్‌శాట్ రాయాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ఎల్‌శాట్ మూడేళ్ల జేడీలో (అక్కడి మొదటి లా డిగ్రీలో) చేరేవాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష. ఏడాది ఎల్ఎల్ఎంకు మామూలుగా అడగరు. ఇంగ్లిష్ పరీక్ష మాత్రం రాయాలి. ఐఈఎల్‌టీఎస్‌లో పేరున్న స్కూళ్లు 7 లేదా 7.5 అడుగుతాయి. కొన్ని ఒక్కో విభాగానికి విడిగా కనీస స్కోరు పెడతాయి కాబట్టి రైటింగ్‌ను తేలిగ్గా తీసుకోకండి. స్కోరు రెండేళ్లే చెల్లుతుంది.

అయితే మీరు ముందు వెళ్లాల్సింది యూనివర్సిటీ పరీక్షల విభాగానికి. చాలా అమెరికన్ లాస్కూళ్లు దరఖాస్తు కాగితాలను ఎల్ఎస్ఏసీ అనే సంస్థ ద్వారా తీసుకుంటాయి. ట్రాన్‌స్క్రిప్టు (మార్కుల అధికారిక పత్రం) మీ చేతుల మీదుగా వెళ్తే ఆ సంస్థ ఒప్పుకోదు. దాని వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి, ట్రాన్‌స్క్రిప్ట్ రిక్వెస్ట్ ఫారం ప్రింటు తీసి, అన్ని మెమోల జిరాక్సులు, డిగ్రీ కాపీ జతచేసి పరీక్షల విభాగంలో ఇవ్వండి. సప్లిమెంటరీ మెమోలు ఉంటే అవి కూడా పెట్టాలి, దాచొద్దు. యూనివర్సిటీ వాళ్లే కవరు అంటించి, అంటించిన చోట సీలు, సంతకం వేసి నేరుగా పంపాలి. అన్నీ ఉన్నాయో లేదో చూద్దామని మీరు ఆ కవరు చేతికి తీసుకుని విప్పారా, అంతే సంగతులు, మళ్లీ మొదటికే. ఎల్ఎల్‌బీకి ముందు బీకామ్ శాతవాహనలో చదివి ఉంటే అక్కడి నుంచి ఇంకో కవరు వెళ్లాలి. ఆగస్టులో క్లాసులకు దరఖాస్తు గడువులు చాలాచోట్ల చలికాలంలోనే ముగుస్తాయి. అందుకే ఈ పని ముందటి వేసవిలోనే కదిలించండి.

పేరు దగ్గర జాగ్రత్త. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలే. అన్నిచోట్లా పాస్‌పోర్టు స్పెల్లింగే రాసి, మెమోలోని పేరును ‘ఇతర పేర్లు’ గడిలో చూపండి. పర్సంటేజీని మీరే 4 పాయింట్ల జీపీఏలోకి మార్చొద్దు. మెమోలో ఉన్నది ఉన్నట్టే రాయండి.

సిఫారసు లేఖలు సాధారణంగా రెండు కావాలి. ఒకటి పాఠం చెప్పిన అధ్యాపకుడిది, రెండోది మీ సీనియర్‌ది అయితే మంచిది. ‘క్రమశిక్షణ గల, కష్టపడే న్యాయవాది’ అన్న లేఖ ఎవరికైనా సరిపోతుంది, అందుకే ఎవరికీ పనికిరాదు. ‘చెక్ బౌన్స్ కేసులో నోటీసు అందిన తేదీపై ఈమె సొంతంగా క్రాస్ ఎగ్జామినేషన్ తయారుచేసింది’ అంటే చదివేవాళ్లకు మీ పని కళ్ల ముందు కనబడుతుంది. సీనియర్ దగ్గరికి వట్టి చేతులతో వెళ్లకుండా, మీరు చూసిన నాలుగైదు కేసుల వివరాలు ఒక పేజీలో రాసివ్వండి.

ప్రశ్న: ఎల్ఎల్ఎం పూర్తయితే న్యూయార్క్‌లో లాయరుగా చేయొచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఎల్ఎల్ఎం లైసెన్సు కాదు, లైసెన్సు కోసం పెట్టే బార్ పరీక్ష పాసవ్వాల్సిందే. మనది ఇంగ్లండ్ నుంచి వచ్చిన కామన్ లా పద్ధతి నడిచే దేశం కాబట్టి మూడేళ్ల ఎల్ఎల్‌బీతో, ఎల్ఎల్ఎం లేకుండానే ఆ పరీక్షకు అర్హత దొరికే వీలుంది. అందుకే ఫీజు కట్టకముందే, ఆ పరీక్ష పెట్టే న్యూయార్క్ బోర్డ్ ఆఫ్ లా ఎగ్జామినర్స్‌తో మీ డిగ్రీని మదింపు చేయించుకోండి. చదివిన కాలంలోనో, కామన్ లా విషయంలోనో ఒక్క లోటే ఉందని తేలితే 24 క్రెడిట్ల ఎల్ఎల్ఎంతో పూడ్చుకోవచ్చు. అందులో వృత్తి నియమాలకు 2, లీగల్ రీసెర్చ్–రైటింగ్‌కు 2, అమెరికన్ న్యాయవ్యవస్థకు 2, బార్ పరీక్షలో వచ్చే సబ్జెక్టులకు 6 క్రెడిట్లు తప్పనిసరి. నచ్చిన సబ్జెక్టులే తీసుకుంటూ పోయి వీటిని వదిలేస్తే, డబ్బంతా పోసి తెచ్చుకున్న పట్టా ఆ పరీక్షకు అక్కరకు రాదు.

కాలిఫోర్నియాలో అయితే సొంత దేశంలో సనదు (లాయరు లైసెన్సు) ఉన్నవాళ్లు ఎల్ఎల్ఎం లేకుండానే పరీక్షకు కూర్చోవచ్చు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ (అక్కడి ఒక రకం లాయరు) కావడానికి 2021 నుంచి ఎస్‌క్యూఈ పరీక్ష ఉంది, దానికీ ఎల్ఎల్ఎం అక్కర్లేదు.