ఉసాగి సొంతూరికి తిరిగొచ్చే కథ ఎందుకంత పట్టుకుంటుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైంది. 'ఉసాగి యోజింబో' కామిక్స్ (బొమ్మల కథలు) మొదటి పుస్తకం చదివారు, కత్తియుద్ధాలు నచ్చాయి. కానీ ఉసాగి సొంతూరికి వెళ్ళే 'హోమ్‌కమింగ్' కథను అందరూ ఎందుకంత మెచ్చుకుంటారో తెలియలేదు, అంతే కదా? నేను ఈ కథ చదివింది గల్ఫ్‌లో, నా సొంతూరి ప్రయాణానికి కొన్ని నెలల ముందు. అందుకని నా అనుభవంతోనే చెప్తాను.

ఈ సిరీస్ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పదిహేడో శతాబ్దం మొదట్లో జపాన్. మనుషుల బదులు అందరూ జంతువులే. ఉసాగి అంటే జపనీస్‌లో కుందేలు. మన హీరో ప్రభువును పోగొట్టుకుని ఊళ్ళు పట్టుకుని తిరిగే సామురాయ్ కుందేలు. అలాంటివాణ్ణి రోనిన్ అంటారు. దీన్ని రాసేది, గీసేది, బొమ్మల్లో మాటలు చేత్తో దిద్దేది కూడా ఒక్కరే, స్టాన్ సకాయ్. ఆయన క్యోటోలో పుట్టి హవాయిలో పెరిగారు. ముందు మియమోటో ముసాషి అనే అసలు ఖడ్గవీరుడి జీవితం ఆధారంగా మనుషుల కథే చేద్దామనుకున్నారు. ఒకరోజు కుందేలు బొమ్మ గీసి, దాని రెండు చెవుల్నీ పైకి లాగి సామురాయ్ జుట్టుముడిలా కట్టారు. ఆ బొమ్మ ఆయనకు నచ్చేసింది. 1984లో ఉసాగి మొదటిసారి అచ్చయ్యాడు. ఆ చెవుల ముడిని ఒకసారి దగ్గరగా చూడండి. ఆ ముడి వల్లే కుందేలు కాస్తా యోధుడైపోయింది.

ఇక ఊరి సంగతి. ఉసాగి, కెనిచి ఒకే ఊరి పిల్లలు, చిన్నప్పటి నుంచీ పోటీ. ఇద్దరూ కత్తివిద్య నేర్చుకుందామని కలిసే బయలుదేరతారు. కెనిచి పేరున్న బడికి వెళ్తాడు. ఉసాగి మాత్రం కట్సుయిచి అనే ఒంటరి గురువు వెంట పడి ఆయన దగ్గరే ఉండిపోతాడు. తర్వాత మిఫునె ప్రభువు కొలువులో చేరతాడు. ఊళ్ళో మారికో ఉంది, వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం. అయినా కొలువే ముందు అనుకుని వెళ్ళిపోతాడు. అడాచి మైదానం యుద్ధంలో ప్రభువు చనిపోతాడు. ఉసాగి ఊరికి తిరిగొచ్చేసరికి కెనిచి ఊరి పెద్ద. మారికో కెనిచి భార్య. వాళ్ళింట్లో ఒక పిల్లాడు, జోతారో.

మీరు ఆ కథలో యుద్ధం కోసం చూసి ఉంటారు. అది ఉంది, ఊరికి ఆపద వస్తుంది, ఉసాగి నిలబడతాడు. నాకు మాత్రం ఆ యుద్ధానికి అటూ ఇటూ ఉన్న పేజీలే కథ. గెలిచి వచ్చిన వీరుడికి ఊరంతా డప్పులతో ఎదురొస్తుందని మనం అనుకుంటాం. ఇక్కడ అలా జరగదు. అతను లేకుండానే ఊరు నడిచింది. నాట్లు పడ్డాయి, కోతలయ్యాయి, పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు. అతను వదిలి వెళ్ళిన చోట ఇంకొకరు నిలబడి, ఆ బరువు మోస్తున్నారు. కెనిచికి ఉసాగి మీద కోపం ఉంది. ఆ కోపం నాకు తప్పనిపించలేదు.

నేను 2008లో మస్కట్ వెళ్ళాను, ఏసీ మెకానిక్‌గా. మా ఊరు జగిత్యాల జిల్లాలో ఉంది. అప్పటికి అది కరీంనగర్ జిల్లానే. మా వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. నేను వెళ్ళేటప్పుడు నా భార్యకు ఐదో నెల. రెండేళ్ళకోసారి సెలవు అన్నారు, కానీ నాలుగేళ్ళ దాకా దొరకలేదు. మా గదిలో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన తోటి పనివాడు ఒకడుండేవాడు. అతని మంచం కింద అట్టపెట్టెలో ఉసాగి పుస్తకాలు ఐదారు ఉండేవి. అవన్నీ నలుపు తెలుపు బొమ్మలు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రమే. కానీ సకాయ్ కొన్నిచోట్ల వరసగా పేజీలకు పేజీలు మాటల్లేకుండా బొమ్మలతోనే నడిపిస్తారు. అలా చదవడం అలవాటైంది. శుక్రవారాలు వాటితోనే గడిచేవి.

2012లో సెలవు దొరికింది. దుప్పట్లు, ట్యాంగ్ డబ్బాలు, సెంటు సీసాలు, టైగర్ బామ్ కార్టన్‌లో సర్ది, నైలాన్ తాడుతో నాలుగు వైపులా బిగించి, పైన నల్ల మార్కర్‌తో పేరు, ఊరు, ఫోన్ నంబర్ రాశాను. శంషాబాద్‌లో దిగి కారు మాట్లాడుకుని పొద్దుగాల ఇంటికి చేరాను. మా తమ్ముడే కార్టన్ దించాడు. నా బిడ్డ మా అమ్మ చీర కొంగు పట్టుకుని వెనక నిలబడి చూసింది. మూడేళ్ళు దాటింది దానికి. ఫోన్‌లో రోజూ 'బాపూ' అని పిలిచే పిల్ల, ఎదురుగా నేనుంటే ఆ పిలుపే రాలేదు. కాసేపయ్యాక మా తమ్ముడి చంకెక్కి, అక్కడి నుంచి నన్ను చూసింది.

ఆ పది నిమిషాల్లో నాకు ఉసాగే గుర్తొచ్చాడు. జోతారో కూడా అతన్ని అమ్మానాన్నలకు తెలిసిన మనిషిగానే చూస్తాడు.

ఇంకోటి. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళను మా దగ్గర అందరూ రెండు మాటలు అడుగుతారు: 'ఎప్పుడొచ్చినవ్? మళ్ల ఎప్పుడు పోతవ్?' ప్రేమతోనే అడుగుతారు, అందులో ఏ తప్పూ లేదు. కానీ వచ్చిన రోజే పోయే తేదీ చెప్పాల్సి వస్తే మనసు చివుక్కుమంటుంది. పొలం పని మాట్లాడాలన్నా, కరెంటు మోటారు కాలిపోయినా, చుట్టాలింట్లో శుభకార్యం ఉన్నా అందరూ తమ్ముణ్ణే అడిగేవాళ్ళు. అన్నీ వాడికే తెలుసు మరి. నేను కుర్చీలో కూర్చుని చాయ్ తాగేవాణ్ణి. ఉసాగి ఊళ్ళో ఉన్నంతసేపూ అతని భుజాల్లో కనిపించే ఇబ్బంది అదే. ఎక్కడ కూర్చోవాలో తెలియని మనిషి ఇబ్బంది.

మీకు నా సలహా ఏమిటంటే, ఆ కథను విడిగా చదవకండి. మొదటి పుస్తకం తర్వాత రెండోది 'సామురాయ్' చదవండి, ఉసాగి బాల్యం, కట్సుయిచి దగ్గర చదువు, అడాచి యుద్ధం అంతా అందులో ఉంది. తర్వాత ఆరో పుస్తకం 'సర్కిల్స్'. అందులో ఉసాగి మళ్ళీ ఊరికి వస్తాడు. జోతారో తన కొడుకే అని మారికో నోట వింటాడు. (కథ ముందే చెప్పేశానని బాధపడకండి, తెలిసి చదివినా ఆ పేజీ బరువు తగ్గదు.) ఇంత తెలిశాక కూడా అతను ఆ ఇంట్లో ఉండిపోడు, పిల్లాడికి చెప్పడు. కెనిచి పెంచిన ప్రేమను చెడగొట్టకుండా మళ్ళీ దారి పడతాడు. ఇది చదివి మొదటి పుస్తకంలోని కథకు వెనక్కి వెళ్ళండి. మారికో మొహం గీసిన ప్రతి బొమ్మా వేరేగా కనిపిస్తుంది.

నేను 2017లో పూర్తిగా వచ్చేశాను. ఇప్పుడు జగిత్యాలలో ఏసీ రిపేరు షాపు. వచ్చేటప్పుడు నా గది మిత్రుడు మూడు పుస్తకాలు నా చేతిలో పెట్టి పంపాడు, మొదటిది, రెండోది, ఆరోది. పోయిన వేసవి సెలవుల్లో నా బిడ్డ మూడూ వరసగా చదివింది. 'సర్కిల్స్' అయిపోగానే నా దగ్గరికి వచ్చి, ఉసాగి కంటే తనకు కెనిచే నచ్చాడంది. ఎందుకని అడిగాను.

'నన్ను మొదటిరోజు బడికి తీస్కపోయింది చిన్నబాపే కదా బాపూ' అంది.