అతికించే ముందు అడగవలసినవి

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవికి ఆశీస్సులు.

ఆసుపత్రి సమాచార వ్యవస్థ కోసం తయారుచేసిన ఆంటాలజీని (అక్కడి వస్తువులనూ సంఘటనలనూ వర్గాలుగా నిర్వచించే నమూనాను) బి.ఎఫ్.ఓ. (బేసిక్ ఫార్మల్ ఆంటాలజీ) అనే, అన్ని రంగాలకూ పనికొచ్చే మూల వర్గాలను చెప్పే ఫౌండేషనల్ ఆంటాలజీతో ఎలా అనుసంధానించావో వివరిస్తూ నువ్వు రాసిన వ్యాసం ఆసాంతం చదివాను. భాష తేటగా ఉంది. అయితే ఏ క్లాసు (వర్గం) కింద ఏ క్లాసు చేరిందో చెప్పే పట్టికలే వ్యాసాన్ని ఆక్రమించాయి. అలా ఎందుకు చేర్చావో ఎక్కడా లేదు. పాఠకుడికి కావలసింది ఆ కారణాలే.

నీ పట్టికలోని మంచం సంగతే తీసుకో. దాన్ని భౌతిక వస్తువు కింద పెట్టి ముందుకు సాగిపోయావు. కానీ ఆ నమోదులోని గడులు ఒక్కసారి చూడు: కొన్న తేదీ, వార్డులో నంబరు, చేరిన రోగి వివరం. చక్రం విరిగిన మంచాన్ని మరమ్మతుకు పంపి అదే చోట మరొకటి వేస్తే కొన్న తేదీ మారుతుంది. 14వ నంబరు మాత్రం అక్కడే ఉంటుంది, ఆ నంబరు మీద రోగికి పడే బిల్లూ ఆగదు. అంటే ఒక వస్తువు, ఒక చోటు, ఒక రోగి అక్కడ గడుపుతున్న కాలం, మూడూ ఒకే వరుసలో కలిసిపోయాయి. బి.ఎఫ్.ఓ.లో మొదటి రెండూ కాలం గడిచినా నిలిచి ఉండే కంటిన్యుయెంట్లే అయినా, వస్తువు పదార్థం ఉన్న శాఖకూ చోటు పదార్థం లేని శాఖకూ చెందుతాయి. రోగి అక్కడ ఉండటం జరుగుతూ సాగే ప్రక్రియ కాబట్టి ఆకరెంట్ల వైపు పోతుంది. వీటిని విడదీయకుండా అతికిస్తే, ఆంటాలజీలోని వైరుధ్యాలను తర్కంతో పట్టుకునే రీజనర్ అనే సాఫ్ట్‌వేర్ కూడా నిన్ను ఆదుకోలేదు, ఎందుకంటే నువ్వు చెప్పని తేడాను అది కనిపెట్టలేదు.

రోగి విషయంలో ఒక వర్గంలో ఉండటం శాశ్వతమా కాదా వంటి ప్రశ్నలతో వర్గీకరణను పరీక్షించడానికి గ్వారినో, వెల్టీ అనే పరిశోధకులు రూపొందించిన ఆంటోక్లీన్ పద్ధతి నీకు అక్కరకు వస్తుంది. డిశ్చార్జి అయిన మనిషి రోగిగా ఉండటం మానేస్తాడు, మనిషిగా ఉండటం మానడు. బి.ఎఫ్.ఓ. దీన్ని మనిషిని ఆశ్రయించుకుని ఉండే రోల్‌గా (పాత్రగా) చూస్తుంది. 2005లో గిజార్డి సిద్ధాంతవ్యాసంతో వచ్చిన యు.ఎఫ్.ఓ. (యూనిఫైడ్ ఫౌండేషనల్ ఆంటాలజీ) అనే మరో ఫౌండేషనల్ ఆంటాలజీలోనైతే రోగి అనేది మనిషి కిందకు వచ్చే, శాశ్వతం కాని ఉపవర్గం. కనుక ఒకదానికి చేసిన అనుసంధానాన్ని రెండోదానికి ఉన్నదున్నట్టు తరలించలేవు.

బి.ఎఫ్.ఓ.ను ఎంచుకోవడానికి కారణంగా, అది 2021లో ఐ.ఎస్.ఓ. (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణమైందని రాశావు. నిజమే, కానీ డోల్చే అనే ఇంకో ఫౌండేషనల్ ఆంటాలజీ కూడా 2023లో అదే 21838 ప్రమాణంలో మూడో భాగంగా వచ్చింది కాబట్టి ఎంపికకు ఆ ఒక్క కారణం చాలదు. నీ వ్యవస్థ జీవవైద్య ఆంటాలజీలతో కలవాలి, వాటిలో చాలా భాగం బి.ఎఫ్.ఓ. మీదే నిలిచాయి, నా దృష్టిలో అసలు కారణం అది, దాన్నే రాయి.

ల్యాబ్ పరీక్ష భాగాన్ని ఇంకా ముట్టుకోలేదు కదా. వైద్యుడి ఆదేశం, రక్త నమూనా, పరీక్ష జరగడం, చేతికొచ్చే రిపోర్టు, ఈ నాలుగింటినీ టెక్నీషియన్ల పక్కన కూర్చుని విడివిడిగా గమనించు. బెంగళూరు ఆసుపత్రి కనుక ఒకరు కన్నడంలో, ఒకరు తమిళంలో, మనవాళ్లు తెలుగులో చెబుతారు. అందరి మాటా రాసుకో. ఆ భాగం పూర్తి కాగానే పంపు, చదివి జాబు రాస్తాను.

శుభాకాంక్షలతో.