నలుగురం కలిసి తగ్గించుకుందామనుకుంటున్నాం

ప్రశ్న: మేం నలుగురం తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్‌లో పనిచేస్తాం. శనివారం కూలి డబ్బులు చేతిలో పడగానే మందుకు కూర్చుంటాం. మిగతా రోజుల్లోనూ ఇద్దరో ముగ్గురో కలుస్తాం. తలా ఒక క్వార్టర్‌కు తగ్గదు. ఉగాదికి గుడిలో ఒట్టు పెట్టుకుంటే తొమ్మిది రోజులు నిలిచింది. ఈసారి ఒట్లు వద్దు, ఒకరికొకరం తోడుండి తగ్గించుకుందాం అనుకున్నాం. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: మొదలుపెట్టే ముందు ఒక పని చేయాలి. నలుగురిలో ఎవరి ఒళ్లు ఇప్పటికే మందుకు బానిసైందో తెలుసుకోండి. అందరి మధ్యలో అడిగితే ఎవరూ ఒప్పుకోరు. విడివిడిగా, పొద్దునపూట అడగండి. లేవగానే చేతులు వణుకుతాయా? ఆ వణుకు ఆగడానికి పొద్దున్నే మందు పడాల్సి వస్తోందా? ఒక పూట దొరక్కపోతే చెమటలు, వాంతులు, గుండెదడ వస్తాయా? ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? వీటిలో ఒక్కదానికి అవునన్నా ఆ మనిషి కింద చెప్పే లెక్కలోకి రాడు. ముందు డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. అతన్ని రేపటి నుంచి బంద్ అని ఒత్తిడి చేయకండి. కారణం రెండో ఉత్తరానికి ఇచ్చిన జవాబులో ఉంది.

మిగతావాళ్లు మొదటి వారం ఏమీ తగ్గించొద్దు, రాయండి చాలు. గోడ క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో పెగ్గుల సంఖ్య వేయాలి. తాగని రోజు సున్నా వేయాలి. పడుకునే ముందే రాయాలి, మర్నాడు గుర్తు చేసుకుని రాస్తే ఎప్పుడూ తక్కువే వస్తుంది. పెగ్గంటే 30 మి.లీ. కంటిచూపుతో గ్లాసులో పోస్తే 45 అవుతుంది, ఒక్కోసారి 60 కూడా అవుతుంది. దగ్గు టానిక్ సీసా మూతకు 10 మి.లీ. గీత ఉంటుంది. ఆ గీత వరకు మూడుసార్లు పోస్తే ఒక పెగ్గు. నలుగురూ ఒక్కసారి అలా కొలిచి, మీరు వాడే గ్లాసులోనే పోసి, ఆ ఎత్తున స్కెచ్ పెన్‌తో గీత గీసుకోండి.

క్వార్టర్ అంటే 180 మి.లీ., అంటే ఆరు పెగ్గులు. అందులో ఆల్కహాలు 42.8 శాతం, తూకం వేస్తే దాదాపు 60 గ్రాములు. బీరే కదా అని తేలిగ్గా తీసుకోకండి. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో 40 గ్రాములు ఉంటుంది. ఒక సీసాకు క్యాలెండర్‌లో నాలుగు వేయాలి.

కాలేయం గంటకు సుమారు ఒక పెగ్గును మాత్రమే కరిగిస్తుంది. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి పదకొండుకు క్వార్టర్ ముగించిన మనిషి ఒంట్లో తెల్లవారుజామున మూడు, నాలుగు దాకా మందు ఉంటుంది. మత్తు దిగాక కూడా నిద్ర చాలని కళ్లు, నిదానించిన చేతులు మిగులుతాయి. కింద నీళ్లు, పక్కన కరెంటు, ముందు తిరిగే బ్లేడు ఉండే మీ పనిలో నాకు అన్నిటికన్నా భయం వేసేది పొద్దున ఎనిమిది గంటల షిఫ్టే.

రెండో వారం నుంచి తగ్గించండి. వారంలో రెండు రోజులు సున్నా. ఏ రోజులో ముందే పేరు పెట్టి చెప్పుకోండి. మిగతా రోజుల్లో నాలుగు పెగ్గులు దాటకూడదు. అది రెండు వారాలు నిలిస్తే మూడు రోజులు సున్నా, మిగతా రోజుల్లో మూడు పెగ్గులు. సున్నా రోజున మిగిలించింది మర్నాడు కలిపి తాగడం మాత్రం ఉండకూడదు. తగ్గించడమంటే హాని తగ్గడమే, అసలు లేకపోవడం కాదు. ఇంత తాగితే ఏమీ కాదనే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. కాబట్టి మీలో ఒకడు మధ్యలో పూర్తిగా మానేస్తానంటే అతన్ని వెనక్కి లాగొద్దు.

ఫుల్, అంటే 750 మి.లీ. సీసా, కొంటే చవక పడుతుందని కొంటారు. అందులో 25 పెగ్గులు ఉంటాయి, మిగిలిస్తే పాడవుతుందా అంటూ అన్నీ అయిపోతాయి. ఇద్దరికి ఒక క్వార్టర్ కొనండి, సీసా ఖాళీ అయితే లెక్క అయిపోయినట్టే. కూలి డబ్బు కూర్చోకముందే ఇంటికి ఫోన్‌పే చేసేయండి. మందు కన్నా ముందు సంగటో అన్నమో తినండి. కడుపు నిండా ఉంటే మత్తు మెల్లగా ఎక్కుతుంది, చెయ్యి కూడా మెల్లగా కదులుతుంది. మంచింగ్ పేరుతో ఉప్పు, కారం ముందు పెట్టుకుంటే దాహం పెరుగుతుంది, దాహానికి మందే పడుతుంది.

ఇక తోడు సంగతి. తాగాలనే గుంజుడు ఒక్కసారి ఎగదన్నుతుంది, ఎక్కువసార్లు అరగంటలోపే తగ్గుతుంది. ఆ అరగంట దాటించడమే స్నేహితుడి పని. గుంజుడు వచ్చినవాడు ఫోన్ చేయాలి. ఎత్తినవాడు నీతులు చెప్పకూడదు. "ఎక్కడున్నావ్, వస్తున్నా" అనాలి, వెళ్లాలి, టీ కొట్టు దగ్గరకు తీసుకెళ్లాలి. ఎవరికి ఎవరు ఫోన్ చేయాలో ఇప్పుడే జతలు కట్టుకోండి. అందరూ అందరికీ అనుకుంటే ఎవరూ ఎవరికీ చేయరు.

శనివారం అదే చోట, అదే టైముకు, సీసా లేకుండా కూర్చుందామంటే రెండు వారాలు కూడా సాగదు. చోటు మార్చండి, పూట కూడా మార్చండి. ఆదివారం పొద్దున ఉగ్గాని బజ్జి దగ్గర కలవండి, క్యాలెండర్ ఫోటోలు ఫోన్‌లో చూపించుకోండి.

ఒకడు తప్పుతాడు, తప్పకుండా తప్పుతాడు. అప్పుడు తప్పినోడు అందరికీ పార్టీ ఇవ్వాలనే జరిమానా మాత్రం పెట్టుకోవద్దు. మీ ఒట్టు తొమ్మిదో రోజు ఎందుకు కూలిందో చూడండి. ఒక్క పెగ్గు పడగానే ఎటూ ఒట్టు పోయిందిగా అనిపించి సీసా మొత్తం ఖాళీ చేస్తారు. కాబట్టి తప్పినవాణ్ని మూడే అడగండి: ఏ టైముకు, ఎవరితో, అంతకు ముందు ఏం జరిగింది? మేస్త్రీతో గొడవైందంటే వచ్చేసారి గొడవైన వెంటనే ఫోన్ రావాలి. నవ్వితే, తిడితే వాడు దాచడం మొదలుపెడతాడు. దాచేవాడికి మీ తోడు అందదు.

ప్రశ్న: కర్నూలు పాతబస్తీ నుంచి. మా అన్నకు పొద్దున్నే నైంటీ పడితేగానీ చేతులు నిలవవు. మానిపించాలని గదిలో పెట్టి తాళం వేశాం. రెండో రాత్రి గోడమీద పురుగులు పాకుతున్నాయని అరిచాడు. భయపడి మళ్లీ మందు పోశాం. తప్పు చేశామా?

జవాబు: భయంలో చేసినదానికి మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. కానీ మళ్లీ గదిలో పెట్టొద్దు. మీరు చూసింది పొగరు కాదు, నాటకం కాదు. ఏళ్ల తరబడి మందుకు అలవాటుపడ్డ మెదడుకు దాన్ని ఒక్కసారిగా ఆపితే అదుపు తప్పుతుంది. ఆపిన 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించడం, జ్వరం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం వస్తాయి. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది.

ఇంట్లో ఆపకుండా, ఇప్పుడున్న స్థితిలోనే కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. రోజుకు ఎంత తాగుతాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు, గదిలో పెట్టినప్పుడు ఏం జరిగింది, ఈ మూడూ కాగితం మీద రాసి ఇవ్వండి. అన్న సిగ్గుతో సగమే చెబుతాడు. వణుకు, ఫిట్స్ రాకుండా కొన్ని రోజులు మాత్రలిచ్చి మెల్లగా తగ్గిస్తారు. ఆ మాత్రలు మెడికల్ షాపులో సొంతంగా కొనొద్దు, తాగే మందుతో కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. నీరసంగా ఉన్నాడని ఊళ్లో గ్లూకోజు బాటిల్ ఎక్కించబోతే తాగుడు సంగతి ముందే చెప్పండి. ఇలాంటివాళ్లకు బీ1 విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు దెబ్బ తగలొచ్చు.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చుట్టూ ఉన్న వస్తువులు తీసేయండి, టైము చూడండి, 108కు ఫోన్ చేయండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో స్పూను కుక్కడం, నీళ్లు పోయడం వద్దు.

ప్రశ్న: ప్రొద్దుటూరు నుంచి ఒక ఇల్లాలు. కూరలో కలిపితే మందు మానేస్తారని ఒక పొడి అమ్ముతున్నారు. ఆయనకు తెలియకుండా పెట్టొచ్చా?

జవాబు: వద్దమ్మా. ఆ పొట్లంలో ఏముందో అమ్మేవాడికే తెలియదు. ఒకవేళ తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ అనే అసలు ఔషధమే ఉందనుకోండి, దాని మీద ఆయన ఒక పెగ్గు వేసినా ముఖం ఎర్రబారి, వాంతులు, గుండెదడ వస్తాయి, బీపీ పడిపోతుంది. గుండె, కాలేయం బాగాలేని మనిషి చనిపోవచ్చు. పెట్టడం ఆపేసినా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. అందుకే డాక్టర్లు ఆ మాత్రను రోగికి అన్నీ చెప్పి, ఒప్పించాకే ఇస్తారు. పైగా ఒకసారి బయటపడితే మీ చేతి అన్నం మీద ఆయనకు నమ్మకం పోతుంది.

ఆయనతో మాట్లాడేది మత్తులో ఉన్నప్పుడు కాదు, పొద్దున కాఫీ వేళ. ఒక్క విషయమే ఎత్తండి: నిన్న రాత్రి బిడ్డ భయపడి ఏడ్చింది, డాక్టర్ దగ్గరకు పోదాం, నేనూ వస్తా. పాత అప్పులు, అత్తగారి మాటలు అందులో కలపొద్దు. ఆయన తరఫున సేటుకు ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పడం, బెల్టు షాపు బాకీ తీర్చడం మీరు మానేయండి. తాగుడు మానడం గురించి సలహాకు 14446, మీ మనసు బరువుకు టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416, రెండింటికీ డబ్బులు పడవు. చెయ్యి చేసుకుంటుంటే మాటలతో ఆగొద్దు, 181కి గానీ 112కి గానీ చేయండి.

ప్రశ్న: అనంతపురం నుంచి. మా చిన్నాన్న రెండు నెలలుగా ముట్టలేదు. వచ్చే నెల పెళ్లిలో బావమరుదులు వదలరు. నేనేం చేయాలి?

జవాబు: పక్కనే ఉండండి. లోపలికి అడుగుపెట్టగానే ఆయన చేతికి మజ్జిగో సోడానో ఇవ్వండి, ఖాళీ చేతిలోనే గ్లాసు పెడతారు. ఎవరైనా బలవంతం చేస్తే ఆయన "నాకొద్దు బావా" అని ఒక్క మాట అంటే చాలు, కారణాలు చెప్పడం మొదలుపెడితే వాదన పెరుగుతుంది. రెండోసారి అడిగినవాళ్లకు జవాబు మీరే చెప్పండి. బండి తాళాలు మీ జేబులో ఉంచుకుని, భోజనం కాగానే ఇద్దరూ బయల్దేరండి.