కన్నీళ్లు సరే, చేతులేవి?

చెల్లాయ్,

అమెరికా నల్లజాతి గాయని, పియానిస్టు నీనా సిమోన్ మీద పత్రిక కోసం నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. ఆవిడంటే నీకు ప్రాణమని మొదటి పేరాలోనే తెలిసిపోతోంది, మంచిదే. కానీ ఇంత పొడుగు వ్యాసంలో పియానో అన్న మాట ఒకే ఒక్కచోట కనిపించింది, అదీ "పియానో ముందు కూర్చుని విలపించే నల్ల కోయిల" అన్న వాక్యంలో. ఆ కోయిలను ముందు కొట్టెయ్. తర్వాత మాట్లాడుకుందాం.

ఇరవై దాటేదాకా ఆవిడకు గాయని కావాలన్న ఆలోచనే లేదు. శాస్త్రీయ సంగీత కచేరీలు చేసే పియానిస్టు కావాలన్నదే కోరిక. 1933లో నార్త్ కరోలినాలోని ట్రయాన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది, పెట్టిన పేరు యూనిస్ వేమన్ (మన వేమన గుర్తొస్తే నవ్వుకుని ముందుకు పద). తల్లి చర్చిలో బోధకురాలు, ఇల్లు గడవడానికి తెల్లవాళ్ల ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటావిడే పిల్ల మొదటి ఏడాది పియానో పాఠాలకు డబ్బు కట్టింది. పాఠం చెప్పిన మ్యూరియల్ మజ్జనోవిచ్ అనే ఇంగ్లీషు ఆవిడ పిల్లకు బాఖ్ అనే పాతకాలపు జర్మన్ స్వరకర్త రుచి చూపించింది, ఆమె చదువు కోసం ఊళ్లో చందాలు వసూలు చేసి ఒక నిధి కూడా పెట్టించింది. అదే ఊళ్లో, పదకొండు పన్నెండేళ్ల వయసులో ఆ పిల్ల కచేరీ ఇవ్వబోతుంటే, ముందు వరసలో కూర్చున్న అమ్మానాన్నలను తెల్లవాళ్ల కోసం లేపి వెనక్కి పంపారు. వాళ్లను మళ్లీ ముందుకు తెచ్చి కూర్చోబెట్టేదాకా వాయించనని పిల్ల మొండికేసింది. కూర్చోబెట్టారు, అప్పుడు వాయించింది.

ఈ సంగతి నువ్వూ రాశావు, కానీ "ఆ చిన్నారి గుండె ముక్కలైంది" దగ్గర ఆపేశావు. గుండె ముక్కలైందో లేదో మనకెట్లా తెలుస్తుంది? ఏం చేసిందో మాత్రం తెలుసు. అది రాయి. చందాలిచ్చిన ఊరూ, కన్నవాళ్లను వెనక్కి పంపిన ఊరూ ఒకటే అని కూడా రాయి, ఎందుకంటే నీ వ్యాసంలో తెల్లవాళ్లంతా ఒక పక్క, నల్లవాళ్లంతా ఒక పక్క నిలబడి ఉన్నారు, మధ్యలో మనుషులు నడిచే దారి లేదు.

కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ విషయానికి వద్దాం. 1951లో ఫిలడెల్ఫియాలోని ఆ సంగీత విద్యాలయం ఆమెను చేర్చుకోలేదు. నల్లపిల్లనని కాదన్నారని ఆమె చివరిదాకా నమ్మింది, చెప్పింది. అక్కడ పియానో నేర్పిన వ్లాదిమిర్ సోకొలోఫ్ మాత్రం జాతితో సంబంధం లేదు, ఆమెకంటే బాగా వాయించినవాళ్లు వచ్చారు అన్నాడు. విచిత్రం ఏమిటంటే తర్వాత ఆమెకు విడిగా పాఠాలు చెప్పింది కూడా ఆయనే. నువ్వు జడ్జి కుర్చీలో కూర్చుని తీర్పు రాసేశావు. అక్కర్లేదు. ఆమె ఏమందో రాయి, ఆయన ఏమన్నాడో రాయి, ఆ రోజుల్లో అమెరికాలో నల్లజాతి వాళ్లకు ఏ తలుపులు మూసి ఉండేవో రాయి, పాఠకుడు చిన్నపిల్లాడు కాదు. 2003లో ఆమె చనిపోవడానికి రెండు రోజుల ముందు అదే సంస్థ గౌరవ పట్టా ఇచ్చింది. ఆ వాక్యం వెనకాల నువ్వు పెట్టిన ఆశ్చర్యార్థకాలన్నీ తీసెయ్, తేదీ చాలు.

పాఠాల ఫీజు కోసమే 1954 వేసవిలో అట్లాంటిక్ సిటీలో మిడ్‌టౌన్ బార్ అనే చోట వాయించడానికి చేరింది. వారానికి 90 డాలర్లు. మొదటి రాత్రి వాయించి ఊరుకుంటే, పాడకపోతే ఉద్యోగం లేదన్నాడు యజమాని. సరే, పాడింది. బార్‌లో పాడుతున్నట్టు అమ్మకు తెలిస్తే కొంప మునుగుతుందని పేరు మార్చుకుంది. నీనా సిమోన్ పుట్టింది అక్కడ. నీ వ్యాసంలో ఇది అరవాక్యం. నేనైతే దీనికి ఒక పేజీ ఇస్తాను, ఎందుకంటే ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందన్న ప్రశ్నకు ఆత్మ, వేదన, తరతరాల దుఃఖం అని మనం రాసే జవాబుల కంటే ఆ బార్ యజమాని పెట్టిన షరతు ఎక్కువ చెబుతుంది.

ఇప్పుడు ఒక పని చెయ్. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి ఆల్బంలోని "లవ్ మీ ఆర్ లీవ్ మీ" విను. ఫోన్ పక్కన పెట్టి, వంట చేస్తూ కాకుండా. పాట ఆపి పియానో అందుకునే చోటు ఒకటి వస్తుంది. కుడిచెయ్యి ఒక వరస ఎత్తుకుంటుంది, మామూలు జాజ్ సోలోనే కదా అనుకుంటాం. అంతలో ఎడమచెయ్యి కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒక్కసారిగా) కొట్టడం మానేసి తనూ సొంతంగా ఒక వరస పట్టుకుంటుంది, ఒకటి ఎక్కుతుంటే ఇంకొకటి దిగుతుంది, ఒకదాన్నొకటి తరుముకుంటాయి, అచ్చంగా బాఖ్ పద్ధతిలో. కింద బేస్, డ్రమ్స్ మాత్రం స్వింగ్‌ను, అంటే జాజ్‌లోని ఆ ఊగే లయను, వదలవు. పాట బ్రాడ్‌వే నాటకం నుంచి వచ్చింది, వాయిద్యం జర్మన్ చర్చి నుంచి, తాళం నల్లవాళ్ల నాట్యశాలల నుంచి, మూడూ ఒక మనిషి పది వేళ్ల మీద నడుస్తున్నాయి. విన్నది ఇట్లా నీ మాటల్లో రాయి. సంగీత పరిభాష రాదని టెన్షన్ పడకు. ఎడమచెయ్యి, కుడిచెయ్యి, ఎక్కడం, దిగడం, ఆగడం, తొందర, నిదానం, వీటితో సగానికి పైగా చెప్పొచ్చు.

వినకుండా రాస్తే ఏమవుతుందో నీ వ్యాసంలోనే ఉంది. "మిసిసిపీ గాడ్‌డ్యామ్" ను "గుండెల్ని పిండే విషాద గీతం" అన్నావు. ఒక్కసారి విను తల్లీ! ఉరకలేస్తూ పోయే పాట అది. 1963లో అమెరికా దక్షిణాది రాష్ట్రం మిసిసిపీలో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన మెడ్గర్ ఎవర్స్‌ను కాల్చి చంపారు, ఆ సెప్టెంబర్‌లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ల చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ఆ వార్త విని ఇంట్లో దొరికిన సామాన్లతో తుపాకీ తయారు చేద్దామని కూర్చున్నానని ఆత్మకథలో ఆమే చెప్పుకుంది. భర్త ఆపితే పియానో దగ్గరికి వెళ్లింది, గంట లోపల పాట వచ్చింది. 1964లో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్లో పాడుతూ, ఇది నాటకంలో పాటే కానీ దీనికి నాటకం ఇంకా రాయలేదు అని చెబుతుంది, జనం మొదట్లో నవ్వుతారు కూడా. హుషారైన బాణీ కింద భయంకరమైన మాటలు పెట్టి ఆ నవ్వును గొంతులోనే ఆపేసింది. దక్షిణాది రేడియో స్టేషన్ల నుంచి రికార్డులు రెండు ముక్కలై తిరిగొచ్చాయట. ఇందులో విషాదం ఎక్కడుంది, కోపం ఎక్కడుంది, చమత్కారం ఎక్కడుంది, విడదీసి చూడు.

డబ్బు సంగతి నువ్వు అసలు ఎత్తలేదు, కళాకారుల గురించి రాసేటప్పుడు డబ్బు మాట్లాడటం మర్యాద కాదని మనవాళ్లకొక నమ్మకం. ఆ మొదటి ఆల్బం హక్కుల్ని ఆమె 3,000 డాలర్లకు వదిలేసుకుంది. అందులోని "మై బేబీ జస్ట్ కేర్స్ ఫర్ మీ" 1987లో ఒక పరిమళం ప్రకటనలో వాడితే బ్రిటన్ చార్టుల్లో 5వ స్థానం దాకా వెళ్లింది. పాట రికార్డు చేసి అప్పటికి దాదాపు ముప్పై ఏళ్లు. ఆమె కోపిష్టి, మొండి, వేదిక మీద జనాన్ని తిట్టేది అని రాశావు కదా, నిజమే, తిట్టేది. ఆ తిట్ల పక్కనే ఈ లెక్క కూడా రాస్తే అవి వేరేగా వినిపిస్తాయి. ఆమెకు మానసిక అనారోగ్యం ఉందని చివర్లో తేలింది, అదీ నిజమే, కానీ ప్రతి కోపాన్నీ ఆ జబ్బు ఖాతాలో వేయకు.

హేజెల్ స్కాట్ పేరు నీ వ్యాసంలో లేదు. నీనాకు ముందే శాస్త్రీయ సంగీతాన్నీ జాజ్‌నూ కలిపి పియానో వాయించిన మనిషి, పైగా ఏడుపు కథలో ఇమడని మనిషి, అందుకేనేమో జనం మర్చిపోయారు. 1920లో ట్రినిడాడ్‌లో పుట్టి, నాలుగేళ్లప్పుడు న్యూయార్క్ వచ్చింది. ఎనిమిదేళ్లకు అక్కడి జూలియార్డ్ సంగీత విద్యాలయంలో వాయించి చూపిస్తే, చేర్చుకోవడానికి పదహారేళ్లు నిండాలి కాబట్టి అక్కడి ప్రొఫెసర్ ఒకరు విడిగా నేర్పడానికి ఒప్పుకున్నాడు. కెఫే సొసైటీ అని న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్ పేటలో ఒక క్లబ్బు, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన కూర్చునే చోటు, ఆ రోజుల్లో అదే పెద్ద వింత. నల్లవాళ్లను చెట్లకు ఉరితీయడం మీద వచ్చిన "స్ట్రేంజ్ ఫ్రూట్" పాటను గాయని బిల్లీ హాలిడే పాడటం మొదలుపెట్టిందీ అక్కడే. హేజెల్ అక్కడ శాస్త్రీయ రచనల్ని మొదట ఉన్నదున్నట్టు వాయించి, తర్వాత వాటికి స్వింగ్ నేర్పేది.

హాలీవుడ్ పిలిస్తే, పనిమనిషి వేషాలు వేయనని తెగేసి చెప్పింది. 1943లో "ద హీట్స్ ఆన్" అనే సినిమాలో ఆమె రెండు పియానోల మధ్య కూర్చుని రెండూ ఒకేసారి వాయించే దృశ్యం ఉంది, దొరికితే చూడు, ఆమె ముఖం చూడు, ఇదేం పెద్ద విషయం అన్నట్టుంటుంది. అదే సినిమాలో యుద్ధానికి వెళ్లే మగవాళ్లను సాగనంపే పాటలో నల్లజాతి ఆడవాళ్లకు మురికి ఏప్రన్లు కట్టారు. మొగుణ్ణి యుద్ధానికి పంపే ఆడది మురికి బట్టలతో వస్తుందా అని ఆమె షూటింగ్ మానేసి కూర్చుంది, మూడు రోజులు. ఏప్రన్లు తీసేశారు. స్టూడియో అధిపతి హ్యారీ కోన్ మాత్రం పగ పట్టాడు, ఒప్పుకున్న రెండు మూడు సినిమాలు అయ్యాక హాలీవుడ్ ఆమె ముఖం చూడలేదు. నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టే హాల్లో వాయించననేది, 1948లో ఆస్టిన్ దాకా వెళ్లి అట్లాంటి హాలని తెలిసి వెనక్కి వచ్చేసింది. 1950 జూలైలో డ్యూమాంట్ టీవీలో సొంత కార్యక్రమం మొదలైంది. సెప్టెంబర్ 22న కమ్యూనిస్టుల్ని వేటాడే అమెరికా చట్టసభ కమిటీ ముందుకు, ఎవరూ బలవంతపెట్టకపోయినా తనంతట తానే వెళ్లి, తను కమ్యూనిస్టు కాదని చెప్పింది. వారం తిరిగేసరికి కార్యక్రమం ఆగిపోయింది. తర్వాత పారిస్ వెళ్లిపోయింది. 2019 గ్రామీ వేదిక మీద గాయని అలీషియా కీస్ రెండు పియానోలు వాయిస్తూ ఆమె పేరు చెప్పేదాకా నీ వయసువాళ్లలో ఎంతమందికి తెలుసు ఆమె?

ఇంకొక జాగ్రత్త. ఈ ఆడవాళ్లను మొగుళ్ల పేర్లతో పరిచయం చెయ్యకు. లిల్ హార్డిన్ అనగానే ట్రంపెట్ వాయించే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ భార్య అంటారు. కింగ్ ఆలివర్ జాజ్ బృందంలో లూయీ కంటే ముందు నుంచే ఉన్న పియానిస్టు ఆవిడ, ఆలివర్ నీడలోంచి బయటికి రమ్మని లూయీని నెట్టిందీ ఆవిడే. 1971లో లూయీ పోయిన కొద్ది వారాలకే, ఆయన స్మారక కచేరీలో వాయిస్తూ వాయిస్తూ పియానో దగ్గరే కూలి చనిపోయింది. పియానిస్టు మేరీ లూ విలియమ్స్ ఇంకా పెద్ద కథ, బెన్నీ గుడ్‌మన్ లాంటి పెద్ద జాజ్ బృందాల వాళ్లకు సంగీతం రాసిచ్చిన మనిషి, న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట హార్లెంలో ఆమె ఇంట్లో కూర్చుని, తర్వాత గొప్ప జాజ్ పియానిస్టులైన థెలోనియస్ మంక్, బడ్ పావెల్ లాంటి కుర్రాళ్లు సందేహాలు తీర్చుకునేవాళ్లు. ఆమె జోలికి ఇప్పుడే వెళ్లకు, మునిగిపోతావు.

గాయని అరీతా ఫ్రాంక్లిన్ పియానో గురించి ఎప్పుడైనా ఒక్క పేరా రాసినా చాలు. కొలంబియా రికార్డుల కంపెనీలో ఏళ్ల తరబడి ఆమెతో రకరకాల బాణీలు పాడించి చూశారు. 1967 జనవరిలో అలబామాలో మజిల్ షోల్స్ అనే ఊళ్లోని ఫేమ్ స్టూడియోలో ఆమెను పియానో ముందు కూర్చోబెట్టారు. ఆ రోజు పియానో వాయించాల్సిన స్పూనర్ ఓల్డ్‌హామ్ ఆమె చెయ్యి విని, పెద్ద పియానో ఆమెకే వదిలేసి తను ఎలక్ట్రిక్ పియానోకు మారతానన్నాడు. పాడే మనిషే వాయిస్తే ఏమవుతుందంటే, మన పద్యనాటకాల్లో నటుడు రాగం ఎటు తీస్తాడో అని హార్మోనిస్టు చెవులు రిక్కించుకుని వెంటపడతాడే, ఆ వెంటపడటం ఉండదు. ఎక్కడ ఆగాలో గొంతుకూ వేళ్లకూ ఒకేసారి తెలుసు. ఇది బాగా అర్థం కావాలంటే, తనే పియానో వాయిస్తూ పాడే షిర్లీ హార్న్‌ను విను. ఎంత నిదానమంటే, ఒక మాట అయ్యాక రెండో మాట వస్తుందా రాదా అని మనకే కంగారు పుడుతుంది. వెనక వేరే పియానిస్టు ఉంటే ఆ ఖాళీని ఏదో ఒకటి వాయించి నింపేసేవాడు. ఆవిడ నింపదు.

ఆలిస్ కోల్ట్రేన్ గురించి అడిగావు, పుట్టపర్తి సంబంధం ఉందట కదా అక్కా అని. ఉంది. డెట్రాయిట్ చర్చిలో వాయిస్తూ పెరిగి, బీబాప్ అనే వేగమైన జాజ్ శైలిలో పియానిస్టుగా పేరు తెచ్చుకుని, తర్వాత హార్ప్ అనే పెద్ద తంత్రీవాద్యం పట్టుకున్న ఆవిడ, సత్యసాయిబాబా భక్తురాలు. 1980ల్లో కాలిఫోర్నియాలో పెట్టుకున్న ఆశ్రమానికి తర్వాత సాయి అనంతం అని పేరు మార్చింది. అక్కడ పాడిన భజనలు క్యాసెట్ల మీద వచ్చాయి, సంస్కృతం మాటలు, కింద సింథసైజర్, ఆర్గన్. తెలుగు పత్రికకు ఇది మంచి ఎర, ఎడిటర్లు ఎగిరి గంతేస్తారు. అయితే "మన సంస్కృతి గొప్పదనం ఖండాంతరాలు దాటి" అని మొదలుపెట్టావంటే ఆవిడ సంగీతం అక్కడే పోతుంది. ఆ భజనల్లో చప్పట్లు వినబడతాయి చూడు, అవి డెట్రాయిట్ బాప్టిస్టు చర్చివి. మన దేవుళ్ల పేర్లు ఆవిడ ఊరి బాణీలో పాడింది, రాయాల్సింది అది.

ప్రస్తుతానికి వ్యాసం నీనాతోనే ఉంచు, అందర్నీ తెచ్చి ఇందులో ఇరికించకు. హేజెల్ మీద వేరేగా ఒకటి రాయి, అది నీనా వ్యాసం కంటే బాగా వస్తుందని నా అనుమానం. ఆత్మకథల్లో ఉన్నది ఆత్మకథలోది అని చెప్పి రాయి. ప్రతి ఆల్బం వెనకా బేస్ ఎవరు, డ్రమ్స్ ఎవరు అని ఉంటుంది, చూసి పేర్లు సరిగ్గా దింపు. పత్రికవాళ్లు "కన్నీటి కెరటం" అనో మరొకటనో శీర్షిక మారుస్తామంటే ఒప్పుకోకు, గట్టిగా అడుగు, వినకపోతే వెనక్కి తీసుకో, ఇంకో పత్రిక దొరుకుతుంది. తిరగరాసింది దసరా లోపు పంపితే చూసిపెడతాను, ఆ తర్వాత మా ఇంట్లో పెళ్లి పనులు.

అక్క